మీ వీధిలో స్పీడ్ బ్రేకర్ వేయించాలన్నా, ఉన్నదాన్ని జరిపించాలన్నా: మొదటి కొలత నుంచి చివరి పెయింట్ దాకా

హైదరాబాద్‌లో ఏ కాలనీకి వెళ్లినా రెండు రకాల వాళ్లు కనిపిస్తారు. "మా గల్లీలో ఒక బంప్ వేయించండి సార్" అని తిరిగేవాళ్లు కొందరు. "మా గేటు ముందున్న బంప్ తీసేయండి మహాప్రభో" అని తిరిగేవాళ్లు ఇంకొందరు. చాలాసార్లు ఇద్దరిదీ ఒకే వీధి. ఇద్దరూ ఒకే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) దగ్గరికి వెళ్తారు, ఇద్దరికీ "చూద్దాం లెండి" అనే జవాబే వస్తుంది. ఆయనకు మనసు లేక కాదు. రెండు దరఖాస్తుల్లోనూ ఆయన ఫైల్లో రాసుకోవడానికి పనికొచ్చే ముక్క ఒక్కటీ ఉండదు. వేగం ఎంత, బంప్ ఎక్కడ కావాలి, ఎందుకు కావాలి, రూల్ ఏం చెబుతోంది అన్నవి రాసిస్తే ఫైలు కదులుతుంది. వాటిని ఎలా తయారు చేసుకోవాలో కింద వరుసగా చెబుతాను. ప్రధానంగా హైదరాబాద్‌ను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నా, విజయవాడ, విశాఖ, వరంగల్ వాళ్లకూ దారి ఇదే. ఆఫీసుల పేర్లే మారతాయి.

మన దేశంలో స్పీడ్ బ్రేకర్ ఎలా ఉండాలో చెప్పేది ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ). రోడ్డు పనులకు సంబంధించిన ప్రమాణాలన్నీ రాసే సంస్థ అదే. స్పీడ్ బ్రేకర్లకు సంబంధించిన ప్రమాణం పేరు ఐఆర్‌సీ:99. మొదట 1988లో వచ్చింది, 2018లో దాన్ని విస్తరించి ట్రాఫిక్ కామింగ్ (బండ్ల వేగం తగ్గించే ఏర్పాట్లు) మొత్తానికీ వర్తించేలా మళ్లీ రాశారు. దరఖాస్తులో ఈ పేరు ఒక్కసారి కనిపించినా ఇంజినీర్ మీ కాగితాన్ని వేరేగా చూస్తారు.

రోడ్డు ఎవరిది?

ముందు తేల్చుకోవాల్సింది ఇదే. ఇక్కడ తప్పితే నెలలు పోతాయి. కాలనీ లోపలి రోడ్లు దాదాపుగా మున్సిపాలిటీవి లేదా కార్పొరేషన్‌వి. ఊరి మధ్య నుంచి పోయే పెద్ద రోడ్డు మాత్రం రోడ్లు భవనాల శాఖది కావచ్చు, జాతీయ రహదారిలో భాగం కావచ్చు. సికింద్రాబాద్‌లో కొన్ని రోడ్లు కంటోన్మెంట్ బోర్డువి, కొన్ని నేరుగా సైన్యానివి. పారిశ్రామికవాడల్లో రోడ్లను చూసే అధికారులు వేరే ఉంటారు. గేటెడ్ కమ్యూనిటీలో రోడ్డును కార్పొరేషన్‌కు అప్పగించకపోతే అది మీ అసోసియేషన్‌దే. అక్కడ బంప్ వేసే బాధ్యతా, దాని వల్ల ఎవరైనా పడితే వచ్చే తలనొప్పీ రెండూ మీవే.

తెలుసుకోవడానికి సులువైన మార్గం ఒకటుంది. ఆ రోడ్డు మీద చివరిసారి తారు వేయించింది ఎవరో వార్డు ఆఫీసులో అడగండి. తారు ఎవరు వేయిస్తే రోడ్డు వాళ్లదే.

అది జాతీయ రహదారి అని తేలితే స్పీడ్ బ్రేకర్ ఆశ వదులుకోండి. జాతీయ రహదారులపై ఉన్న స్పీడ్ బ్రేకర్లను తీసేయాలని కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2016లోనే ఆదేశించింది. అక్కడ అడగాల్సినవి రంబుల్ స్ట్రిప్స్ (బండి అదిరేలా రోడ్డుకు అడ్డంగా వేసే సన్నటి పట్టీలు), సిగ్నల్, ఫుట్ ఓవర్ బ్రిడ్జి, స్పీడ్ కెమెరా లాంటివి.

ఆ రోడ్డుకు బంప్ సరిపోతుందా?

ఐఆర్‌సీ ప్రమాణం 1988 నుంచీ చెబుతున్న మూలసూత్రం ఒకటే: స్పీడ్ బ్రేకర్లు చిన్న రోడ్లకు. కాలనీ వీధులు, బడి ముందు, ఆసుపత్రి ముందు, చిన్న రోడ్డు వచ్చి పెద్ద రోడ్డులో కలిసే చోట వేయొచ్చు. పెద్ద రోడ్డు మీద, ఫ్లైఓవర్ ఎక్కే దిగే చోట్ల, ఏటవాలు మీద, మలుపు తిరగగానే ఎదురయ్యేలా వేయడం ప్రమాదం. డ్రైవర్‌కు దూరం నుంచి కనపడని బంప్ గోడతో సమానం.

బస్సులు తిరిగే రోడ్డు, అంబులెన్సులు తరచూ పోయే రోడ్డు అయితే ఇంకొంచెం ఆలోచించాలి. ప్రతి హంప్ (ఇంజినీర్ల భాషలో స్పీడ్ బ్రేకర్) దగ్గరా 108కి కొన్ని సెకన్లు పోతాయి. ఆసుపత్రి దారిలో ఐదారు ఉంటే ఆ సెకన్లన్నీ కలిసి లెక్కకొస్తాయి, లోపల పడుకున్న రోగికి ప్రతి కుదుపూ నరకమే. అలాంటి చోట స్పీడ్ కుషన్లు అడగొచ్చు. ఇవి రోడ్డు మొత్తం అడ్డంగా ఉండవు, ముక్కలు ముక్కలుగా ఉంటాయి. చక్రాల మధ్య దూరం ఎక్కువగా ఉండే బస్సు, ఫైరింజన్ లాంటివి వాటికి అటో చక్రం ఇటో చక్రం వేసి పోగలవు, కారు ఎక్కక తప్పదు. మన దగ్గర టూవీలర్లు ఆ సందుల్లోంచి జారిపోతాయి కాబట్టి వాటి వేగమే మీ సమస్య అయితే కుషన్ వల్ల లాభం లేదు.

బడి ముందు అడిగేవాళ్లకు నా సలహా: మామూలు హంప్ బదులు టేబుల్ టాప్ అడగండి. అంటే ఎత్తు పెంచిన జీబ్రా క్రాసింగ్. పైన చదునుగా ఉండి రెండు వైపులా ర్యాంపులు ఉంటాయి. పిల్లలు ఫుట్‌పాత్ ఎత్తులోనే రోడ్డు దాటుతారు, వానాకాలం నీళ్లలో దిగక్కర్లేదు, వేగమూ తగ్గుతుంది.

వేగం కొలవడం

"బండ్లు దూసుకెళ్తున్నాయి" అని రాస్తే అది అభిప్రాయం. "వందలో పదిహేను బండ్లు 40 దాటి పోతున్నాయి" అని రాస్తే అది లెక్క. దీనికి రాడార్ గన్ అక్కర్లేదు, టేపు, సుద్దముక్క, ఫోన్ చాలు.

రోడ్డు పక్కన 50 మీటర్లు కొలిచి రెండు చివరలా సుద్దతో గీత గీయండి. బండి ముందు చక్రం మొదటి గీత తాకగానే స్టాప్‌వాచ్ నొక్కి, రెండో గీత తాకగానే ఆపండి. 180ని ఆ సెకన్లతో భాగిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. 6 సెకన్లు పడితే 30, నాలుగున్నర పడితే 40, 3.6 సెకన్లలో దాటేస్తే 50. రెండు గీతలూ కనపడేలా మేడమీద నుంచి వీడియో తీసి తర్వాత లెక్కేసుకుంటే ఇంకా కచ్చితంగా ఉంటుంది.

మేడమీద నుంచి అని ఊరికే అనలేదు. మన ఊళ్లో రోడ్డు పక్కన ఎవరైనా ఫోన్ ఎత్తి పట్టుకుని నిలబడితే చలానా ఫొటో తీస్తున్నారేమోనని బైకులన్నీ బుద్ధిగా నెమ్మదిస్తాయి. మీ లెక్క ప్రకారం మీ వీధి దేశంలోకెల్లా ప్రశాంతమైన వీధి అయిపోతుంది.

వంద బండ్లు కొలవండి. పొద్దున బడి టైమ్‌లో కొన్ని, మధ్యాహ్నం కొన్ని, రాత్రి తొమ్మిది తర్వాత కొన్ని. తక్కువ వేగం నుంచి ఎక్కువకు వరుసగా రాసుకుని 85వ బండి వేగం ఎంతో చూడండి. ట్రాఫిక్ ఇంజినీర్లు వాడే కొలమానం అదే. 85వ బండి 30 లోపే ఉంటే మీకు బంప్ అవసరం లేదని నా అభిప్రాయం, ఎవరో ఇద్దరు కుర్రాళ్ల కోసం ఊరందరి నడుమూ విరగ్గొట్టుకోవద్దు. మనుషులు, బండ్లు కలిసి తిరిగే వీధుల్లో వేగం 30 దాటకూడదని 2020లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ రోడ్డు భద్రతా మంత్రుల సమావేశం ప్రకటించింది. మీ అంకె 40కి అటూ ఇటూ ఉంటే కేసు బలంగా ఉన్నట్టే.

దీంతోపాటు ఇంకో రెండు సేకరించండి. ఆ చోట జరిగిన ప్రమాదాల వివరాలు (స్టేషన్‌లో కేసు అయితే ఎఫ్ఐఆర్ నంబరు, కాకపోతే తేదీ, ఏం జరిగిందో రెండు వాక్యాలు), ఒక గంటలో రోడ్డు దాటే పిల్లలు, పెద్దవాళ్లు ఎంతమందో లెక్క.

చోటు ఎంచుకోవడం

చిన్న రోడ్డు పెద్ద రోడ్డులో కలిసే చోటయితే హంప్ చిన్న రోడ్డు మీదే ఉండాలి, పెద్ద రోడ్డు అంచు నుంచి సుమారు 5 మీటర్లు లోపలికి. మరీ మూల మీద పెడితే లోపలికి తిరిగే బండి వంగి ఉండగానే హంప్ ఎక్కుతుంది, బైక్ పడిపోయేది అక్కడే. మరీ లోపలికి పెడితే బయటికి వచ్చేవాడు హంప్ దాటి మళ్లీ వేగం అందుకుని మెయిన్ రోడ్డు మీద పడతాడు.

పొడవాటి వీధిలో ఒక్క హంప్ వేస్తే ఆ ఒక్క చోటే నెమ్మదిస్తారు, దాటగానే ఆ కసి తీర్చుకున్నట్టు పెంచుతారు. అందుకే వరుసగా వేయాల్సి వస్తే రెండింటి మధ్య 100 నుంచి 120 మీటర్ల దూరం ఉంచమంటుంది ఐఆర్‌సీ. 60 మీటర్ల వీధిలో మూడు బంపులు అడిగే కాలనీలు కూడా ఉన్నాయి, వాళ్లకు అధికారులు కాదంటే తప్పు పట్టలేం.

ఇవి ప్రమాణంలో లెక్క కట్టి చెప్పేవి. పుస్తకంలో కన్నా వీధిలో ఎక్కువగా కనిపించేవి ఇంకొన్ని ఉన్నాయి. మ్యాన్‌హోల్ మీదా, మంచినీటి వాల్వ్ ఛాంబర్ మీదా హంప్ రాకూడదు, రేపు జలమండలి వాళ్లు తవ్వితే మీ హంప్ సగం పోతుంది, మిగతా సగం గుంతై కూర్చుంటుంది. ఎవరి గేటుకూ ఎదురుగా ఉండకూడదు. వీధిదీపం వెలుగు పడే చోట ఉండాలి. చెట్టు నీడ పడే చోట మధ్యాహ్నం పూట నలుపు తెలుపు పట్టీలు కూడా కలిసిపోయి కనపడవు, అక్కడ వద్దు.

అసలు చిక్కు వాననీళ్లు. రోడ్డు అడ్డంగా కట్ట కట్టినట్టే కదా హంప్ అంటే. రోడ్డు పొడవునా నీళ్లు పారే వీధిలో హంప్ వెనక చెరువు తయారవుతుంది. దీనికి మన మేస్త్రీలకు తెలిసిన మందు ఒకటే, రెండు చివర్లా అడుగున్నర సందు వదిలేయడం. ఆ సందులోంచి నీళ్లు పోవడం సరే, ప్రతి బైకూ అందులోంచే పోతుంది. నడిచేవాళ్లు ఉండేది కూడా ఆ అంచునే. ఐఆర్‌సీ చెప్పేది హంప్ తారు వెడల్పు మొత్తం ఉండాలనే. నీళ్ల కోసం అంచున కిందుగా పైపు గానీ, పైన ఇనుప జాలీ ఉన్న కాలువ గానీ పెట్టించాలి. ఎస్టిమేట్‌లో ఇది లేకపోతే తర్వాత ఎవరూ వేయరు, కాబట్టి దరఖాస్తులోనే అడగండి.

ఆకారం

ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి. మన బంపుల మీద ఉన్న ద్వేషమంతా నిజానికి వాటి ఆకారం మీద.

ప్రమాణం ప్రకారం గుండ్రటి హంప్ బండి పోయే దిశలో 3.7 మీటర్లు, అంటే సుమారు 12 అడుగులు ఉండాలి. మధ్యలో ఎత్తు 10 సెంటీమీటర్లు. ఆ వంపు 17 మీటర్ల వ్యాసార్థం ఉన్న వృత్తంలో ముక్క. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో ఇబ్బంది లేకుండా దాటేలా కట్టిన లెక్క ఇది. 1970లలో బ్రిటన్‌లోని రవాణా పరిశోధన ప్రయోగశాలలో రకరకాల ఆకారాలను పరీక్షించి తేల్చిన హంప్‌కూ ఇవే కొలతలు.

ఇప్పుడు మీ వీధిలో ఉన్నదాన్ని చూడండి. అడుగు వెడల్పు, జానెడు ఎత్తు. దీనికో చిత్రమైన గుణం ఉంది. నెమ్మదిగా పోయే కారు దీని మీద బాగా కుదుపుతుంది, వేగంగా పోయే కారుకు ఆ దెబ్బను సస్పెన్షన్ మింగేస్తుంది, లోపలివాళ్లకు అంతగా తెలియదు. అంటే బుద్ధిగా పోయేవాడికి శిక్ష, దూకుడుగా పోయేవాడికి రాయితీ. స్కూటర్ మీద పక్కకు కూర్చుని ఒళ్లో పిల్లను పట్టుకున్న ఆవిడకు మాత్రం ఏ వేగంలోనైనా ప్రమాదమే. 3.7 మీటర్ల హంప్ మీద అలా కాదు. స్కూటర్ రెండు చక్రాల మధ్య దూరం సుమారు 1.3 మీటర్లు, చిన్న కారుకు రెండున్నర మీటర్ల లోపు. బండి మొత్తం హంప్ మీదికి ఎక్కి దిగుతుంది. నెమ్మదిగా పోతే ఊయల ఊగినట్టు ఉంటుంది, వేగం పెరిగినకొద్దీ కుదుపు పెరుగుతుంది. మనకు కావాల్సింది అదే.

మరి అందరూ అడుగు వెడల్పువే ఎందుకు వేస్తారు? లెక్క చూడండి. ఆరు మీటర్ల వెడల్పు రోడ్డు మీద సరైన హంప్‌కు దాదాపు ఒకటిన్నర ఘనపు మీటర్ల మాల్ (తారు, కంకర కలిపినది) కావాలి. అడుగు వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తున్నదానికి అందులో ఎనిమిదో వంతు చాలు. రోడ్డు వేయగా మిగిలిన తారు మాల్‌ను పారతో ఎత్తి పోసి, నాలుగుసార్లు తొక్కి వెళ్లిపోవచ్చు.

కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2015లో దేశంలో స్పీడ్ బ్రేకర్ల దగ్గర జరిగిన ప్రమాదాల్లో 3,409 మంది చనిపోయారు. గుంతల వల్ల చనిపోయినవాళ్ల సంఖ్యా దాదాపు అంతే. ప్రాణం కాపాడటానికి వేసినదానికీ గుంతకూ తేడా లేకపోయిందంటే అర్థం చేసుకోండి.

మీ వీధిలోని హంప్ సరిగ్గా ఉందో లేదో చూడటానికి సర్వేయర్ అక్కర్లేదు. 10 సెంటీమీటర్ల ఎత్తున్న రెండు చెక్క ముక్కలు, తాపీ మేస్త్రి వాడే నూలుదారం, ఒక స్కేలు తీసుకోండి. బండ్లు తగ్గాక, ఇద్దరు అటూ ఇటూ కాపలా ఉండగా, బండి పోయే దిశలో 3.7 మీటర్ల దూరంలో రెండు ముక్కలూ పెట్టి వాటి పైన దారం బిగించి లాగండి. మట్టం గొట్టంతో సరిచూడకండి, రోడ్డుకు వాలు ఉంటే దారం కూడా ఆ వాలులోనే ఉండాలి. సరైన హంప్ అయితే నడిమధ్యలో దారం తారును తాకీ తాకనట్టు ఉంటుంది. మధ్య నుంచి అర మీటరు దూరంలో దారానికీ తారుకూ మధ్య సందు 7 మిల్లీమీటర్లు, ఒక మీటరు దూరంలో 29, ఒకటిన్నర మీటర్ల దూరంలో 66 ఉండాలి. రెండో వైపూ అంతే. నాలుగైదు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే వదిలేయొచ్చు. హంప్ మధ్యలో దారాన్ని పైకి నెడుతున్నా, ఒక మీటరు దూరంలోనే సందు 80, 90 ఉన్నా అది గుండ్రటి హంప్ కాదు, దిబ్బ. ఆ అంకెలు రాసి ఫొటో తీసి పెట్టుకోండి, సరిచేయించమని అడగడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం ఉండదు.

రబ్బరు బంపుల సంగతి కూడా. పసుపు, నలుపు ముక్కలు బోల్టులతో బిగిస్తారే, అవి అపార్ట్‌మెంట్ సెల్లార్‌కూ షాపింగ్ మాల్ పార్కింగ్‌కూ బాగుంటాయి. వీధిలో నీళ్ల ట్యాంకర్లు తిరిగే చోట ఒక్కో ముక్కా ఊడిపోయి చివరికి రోడ్డు మీద బోల్టులు మాత్రమే మిగులుతాయి. పంక్చర్ షాపు వాడికి తప్ప ఎవరికీ లాభం లేదు.

ఇరుగుపొరుగుతో ముందే మాట్లాడండి

హంప్ ఎవరి ఇంటి ముందు వస్తుందో వాళ్ల ఒప్పుకోలు లేకుండా కాగితం పెట్టకండి. రాత్రిపూట బ్రేకుల చప్పుడు, లారీ దిగినప్పుడు వచ్చే దడదడ, హారన్లు అన్నీ ఆ ఇంటివాళ్లే భరించాలి. రూల్ ప్రకారం వాళ్ల సంతకం తప్పనిసరి కాకపోవచ్చు. కానీ వాళ్లు అభ్యంతరం రాసిస్తే ఫైలు అక్కడే ఆగుతుంది, వేశాక గొడవ పడితే మళ్లీ తవ్వేస్తారు. "అన్నా, మీ గేటుకు పది అడుగులు అవతల, ఆ స్తంభం పక్కన వస్తుంది, ఒకసారి వచ్చి చూడండి" అని తీసుకెళ్లి సుద్దతో గీసి చూపించండి. కాగితం మీద ఒప్పుకోనివాళ్లు కూడా రోడ్డు మీద చూశాక మెత్తబడతారు. కాలనీ వెల్ఫేర్ అసోసియేషన్ మీటింగ్‌లో తీర్మానం రాయించి, హాజరైనవాళ్ల సంతకాలు తీసుకోండి.

చందాలేసుకుని మీరే వేసేయడం మాత్రం వద్దు. పబ్లిక్ రోడ్డు కార్పొరేషన్ అధీనంలో ఉంటుంది, దాని మీద అనుమతి లేకుండా ఏది కట్టినా అడ్డంకి కిందే లెక్క. రాత్రి ఎవరైనా దాని మీద పడి తల పగలగొట్టుకుంటే పోలీసులు మొదట అడిగేది వేసింది ఎవరని. మాల్ తెచ్చిన మేస్త్రి మీ అసోసియేషన్ ప్రెసిడెంట్ పేరే చెబుతాడు.

దరఖాస్తు

ఒకే కాగితం రెండు చోట్ల ఇవ్వాలి. హైదరాబాద్‌లో అయితే మీ సర్కిల్ ఇంజినీరింగ్ విభాగం (ఏఈ, డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్ ద్వారా ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్‌కి), మీ పరిధిలోని ట్రాఫిక్ పోలీస్ స్టేషన్ ఇన్‌స్పెక్టర్ లేదా ఏసీపీ. రోడ్డు కార్పొరేషన్‌దే అయినా ట్రాఫిక్ పోలీసులు సరేనంటేనే పని ముందుకు పోతుంది. ముందు వాళ్ల దగ్గరికి వెళ్లి, వాళ్లు వచ్చి చూసి రాసిన సిఫార్సు జతచేస్తే ఇంజినీర్లకు పని సగం తగ్గుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో వార్డు సచివాలయంలోని ఎమెనిటీస్ కార్యదర్శికి ఇచ్చి, కాపీ మున్సిపల్ కమిషనర్‌కు ఇవ్వండి. మీ కార్పొరేషన్ యాప్‌లో కూడా ఫిర్యాదు పెట్టండి, నంబరు వస్తుంది. కానీ యాప్ ఫిర్యాదును "పరిశీలించాం" అని మూసేయడం చిటికెలో పని, కాగితం మీద స్టాంపు వేసిన అక్నాలెడ్జ్‌మెంట్‌కు ఉన్న బలం దానికి లేదు.

ఉత్తరం ఇలా ఉంటే చాలు:

"గౌరవనీయులైన ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్ గారికి,
విషయం: …… కాలనీ, …… రోడ్డులో ఐఆర్‌సీ:99 ప్రకారం స్పీడ్ హంప్ ఏర్పాటు గురించి.
అయ్యా, పై రోడ్డు 6 మీటర్ల వెడల్పు, 240 మీటర్ల పొడవు గల కాలనీ రోడ్డు. …… తేదీల్లో మేము 100 వాహనాల వేగం కొలవగా 85వ వాహనం వేగం గంటకు …… కిలోమీటర్లుగా తేలింది. బడి సమయంలో గంటకు …… మంది పిల్లలు ఈ రోడ్డు దాటుతున్నారు. గత సంవత్సరంలో జరిగిన ప్రమాదాల వివరాలు జతపరిచాం. …… నంబరు కరెంటు స్తంభం దగ్గర హంప్ ఏర్పాటు చేయాలని కోరుతున్నాం. అక్కడ గేట్లు, మ్యాన్‌హోళ్లు లేవు, వీధిదీపం ఉంది. వాననీరు పోయేందుకు అంచున పైపు, రెండు వైపులా హెచ్చరిక బోర్డులు, పట్టీలు, క్యాట్ ఐస్ (రాత్రి మెరిసే రిఫ్లెక్టర్లు) ఎస్టిమేట్‌లో చేర్చగలరని మనవి. చోటుకు దగ్గరి ఇళ్లవారి సమ్మతి, అసోసియేషన్ తీర్మానం జతచేశాం."

స్తంభం నంబరు రాయడం మర్చిపోకండి. "రామాలయం దగ్గర" అని రాస్తే పనివాళ్లు రాత్రి వచ్చి గుడి గేటు ముందే వేసి పోతారు.

ఉన్నదాన్ని జరిపించాలంటే

జరపడం అంటే నిజానికి రెండు పనులు: పాతది తీయడం, కొత్తది వేయడం. రెండూ ఒకే దరఖాస్తులో, ఒకే ఎస్టిమేట్‌లో ఉండాలి. విడిగా అడిగితే తీయడం అయిపోతుంది, వేయడం పెండింగ్‌లో పడుతుంది. లేదా ఇంకా ఘోరంగా, కొత్తది వచ్చాక కూడా పాతది అలాగే ఉంటుంది.

మా ఇంటికి చప్పుడు వస్తోంది అనే కారణం ఒక్కటే చాలదు. గేటుకు అడ్డం, మ్యాన్‌హోల్ మీద ఉంది, నీళ్లు నిలుస్తున్నాయి, మలుపులో కనపడటం లేదు, జంక్షన్‌కు మరీ దగ్గర, పక్క హంప్‌కు 100 మీటర్ల లోపే ఉంది, బడి వేరే చోటికి మారింది, ఆకారం ప్రమాణానికి దూరంగా ఉంది — వీటిలో ఏది నిజమో అది కొలతతో రాయండి. నీళ్లు నిలవడానికి వాన పడిన రోజు తీసిన ఒక్క ఫొటో పది వాక్యాల పెట్టు. హంప్ వల్ల అక్కడ లాభపడుతున్న పిల్లలు, ముసలివాళ్లు ఉంటే వాళ్లకు కొత్త చోటు ఎలా పనికొస్తుందో కూడా మీరే రాయండి, ఎదుటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే.

చాలాసార్లు జరపక్కర్లేదు, ఆకారం మారిస్తే చాలు. జానెడు దిబ్బను 3.7 మీటర్ల హంప్‌గా మార్చగానే చప్పుడు తగ్గుతుంది. జరపమని అడిగే ముందు దారం పట్టి చూడండి.

పని జరిగే రోజు

తారు పని వానాకాలంలో అడగకండి. దసరా దాటాక శాంక్షన్ వచ్చేలా ముందే తిరగడం మొదలుపెట్టండి.

పని సాధారణంగా రాత్రి జరుగుతుంది. కొత్త హంప్‌కు అత్యంత ప్రమాదకరమైన సమయం మొదటి రాత్రే. నల్లటి రోడ్డు మీద నల్లటి హంప్, పెయింట్ ఇంకా లేదు, నిన్నటిదాకా ఖాళీగా ఉన్న దారి కదా అని వచ్చేవాడు గాల్లోకి లేస్తాడు. అందుకే బోర్డు ముందు, హంప్ తర్వాత. ఎర్ర అంచు త్రికోణంలో హంప్ బొమ్మ ఉన్న బోర్డు రెండు వైపులా సుమారు 40 మీటర్ల ముందు ఉండాలి. తారు ఆరిన వెంటనే, వీలైతే మర్నాడే పట్టీలు వేయించాలి. అది కుదరకపోతే బ్యారికేడు, రిఫ్లెక్టర్ స్టిక్కర్లు పెట్టమని అడగండి. మీ కాలనీ కుర్రాళ్లు సున్నం డబ్బాతో నాలుగు గీతలు గీసినా ఆ రాత్రికి మేలే.

పాతదాన్ని తీసేటప్పుడు జేసీబీ పన్నుతో గీకించకండి. కింది పొర కూడా లేచి గుంత పడుతుంది. అంచులు కట్ చేసి, మిల్లింగ్ చేసి (యంత్రంతో పైపొర చెక్కి), పైన తారు పొర వేసి రోల్ చేయాలి. పాత బోర్డు కూడా అదే రోజు పీకేయాలి. లేని హంప్‌కు బోర్డు ఉంటే జనం ఉన్న హంప్ బోర్డును కూడా నమ్మడం మానేస్తారు.

జవాబు రాకపోతే

నెల రోజులు ఆగి, సోమవారం ప్రజావాణికి అక్నాలెడ్జ్‌మెంట్ కాపీతో వెళ్లండి. ఆంధ్రప్రదేశ్‌లో అదే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది. రోడ్డు రెండు శాఖల మధ్య చిక్కుకుంటే కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి రాయండి. పోలీసులు, రోడ్లు భవనాలు, రవాణా శాఖలు ఒకే బల్ల దగ్గర కూర్చునేది అక్కడే.

ఆ తర్వాత సమాచార హక్కు చట్టం. పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. "ఎందుకు వేయలేదు" అని అడిగితే జవాబు రాదు, ఉన్న కాగితాలు అడగాలి. నా దరఖాస్తుపై అధికారులు రాసుకున్న నోట్ ఫైల్ కాపీ, స్థల పరిశీలన నివేదిక కాపీ, ఈ రోడ్డులో ఇప్పుడున్న స్పీడ్ బ్రేకర్లకు ఇచ్చిన అనుమతి ఉత్తర్వుల కాపీలు. మూడోది అసలైన ప్రశ్న. అనుమతి లేకుండా వేసిన దిబ్బలు ఉంటే అక్కడ బయటపడతాయి.

ప్రమాణాలకు విరుద్ధంగా ఉన్న హంప్ వల్ల ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 198ఏ సెక్షన్ ఉంది. రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణలో ప్రమాణాలు పాటించక మరణం లేదా అంగవైకల్యం జరిగితే బాధ్యులైన అధికార సంస్థకు, కాంట్రాక్టర్‌కు లక్ష రూపాయల దాకా జరిమానా. దీన్ని మొదటి ఉత్తరంలోనే బెదిరింపులా రాయకండి. లోపాన్ని కొలతలతో రాసిచ్చినా పట్టించుకోనప్పుడు, రెండో ఉత్తరంలో ఒక వాక్యం చాలు.

వేశాక

మూడు నెలలకు మళ్లీ సుద్ద గీతలు గీసి వంద బండ్లు కొలవండి. ఈసారి హంప్ దగ్గర ఒకసారి, రెండు హంప్‌ల నడుమ ఒకసారి. నడుమ వేగం తగ్గకపోతే దూరం ఎక్కువైందని అర్థం. హంప్ దగ్గరే తగ్గకపోతే ఎత్తు అరిగిందేమో, అంచు సందులోంచి పోతున్నారేమో చూడండి. బండ్లు పక్క గల్లీకి మళ్లాయా అన్నది కూడా చూడాలి, మళ్లితే ఆరు నెలల్లో ఆ గల్లీవాళ్లు మీ మీద కాగితం పెడతారు.

పట్టీలు ఏడాది తిరగకుండానే మాసిపోతాయి, ప్రతి ఎండాకాలం ముందు ఒక వినతి ఇచ్చి మళ్లీ వేయించుకోవాలి. రోడ్డుకు కొత్త తారు పొర వేస్తున్నారని తెలిస్తే ఆ వారమే ఏఈని కలవండి. కొత్త పొర వేసినప్పుడు పాత హంప్ సగం మునిగిపోతుంది, లేదా మొత్తం తీసేస్తారు, తర్వాత ఎవరో గుర్తుచేస్తే మిగిలిన మాల్‌తో మళ్లీ అదే జానెడు దిబ్బ పోస్తారు. పాత శాంక్షన్ కాపీ, 3.7 మీటర్లు, 10 సెంటీమీటర్లు అన్న కొలతలు రాసిన కాగితం అసోసియేషన్ ఫైల్లో ఉంటే ఆ రోజు కాంట్రాక్టర్ సూపర్‌వైజర్ చేతిలో పెట్టొచ్చు, దారం కూడా వెంట తీసుకెళ్లండి.